పాప రక్త పరీక్షలో ‘సీ3 ఎక్కువ’ అన్నారు, మళ్లీ శాంపిల్ అడుగుతున్నారు – టీఎంఎస్ (టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ) పరీక్ష గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మంజీరతీరం – శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాకు పోయిన వారం పాప పుట్టింది. నెలలు నిండాకే, నార్మల్ డెలివరీ. డిశ్చార్జి ముందు సిస్టర్ వచ్చి మడమ దగ్గర గుచ్చి ఒక దళసరి కార్డు మీద రక్తం చుక్కలు పట్టింది. ‘న్యూబోర్న్ స్క్రీనింగ్ అండీ, అందరికీ చేస్తాం’ అంటే డబ్బు కట్టాం, ఆ సంగతే మర్చిపోయాం. ఈ సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ‘టీఎంఎస్‌లో సీ3 ఎక్కువ ఉంది, ఇంకో శాంపిల్ కావాలి, యూరిన్ కూడా కావాలి, మీ పిల్లల డాక్టర్‌కి చూపించండి’ అన్నారు.

నెట్‌లో వెతికితే ప్రొపియోనిక్ ఎసిడీమియా, మిథైల్‌మలోనిక్ ఎసిడీమియా అని రెండు పేర్లు వచ్చాయి, ఒంట్లో ప్రొటీన్ సరిగ్గా కరగక ఆమ్లాలు పేరుకుపోయే పుట్టుక జబ్బులట. చదువుతుంటే చేతులు వణికాయి. పాప మాత్రం పాలు బాగానే తాగుతోంది. మాది మేనరికం కాదు, కానీ దూరపు చుట్టరికం ఉంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. రేపు ఆదివారం. సోమవారం దాకా ఆగొచ్చా?

పాలపిట్ట – శనివారం, రాత్రి 9:58

నేను పిల్లల డాక్టర్‌ని. ముందు మీరు అడిగినదానికి జవాబు: సోమవారం దాకా ఆగొద్దు.

ఈ రాత్రి పాప పాలు పీల్చడం తగ్గినా, వాంతులైనా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఒళ్లు వేలాడేసినా, ఊపిరి వేగంగా తీస్తున్నా వెంటనే ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. అవేమీ లేకపోతే రేపు పొద్దున్నే తీసుకెళ్లండి. బ్లడ్ గ్యాస్, అమ్మోనియా, షుగర్, యూరిన్ కీటోన్లు చూడాలి. ఇవన్నీ ఆదివారమైనా చేస్తారు. ల్యాబ్ వాళ్ల మెసేజ్ ఏదైనా ఉంటే ఫోన్‌లో తెరిచి డాక్టర్‌కి చూపించండి. సీ3 ఎంత, దాని కటాఫ్ ఎంత, సీ3కి సీ2కి (అలాంటిదే ఇంకో పదార్థం) నిష్పత్తి ఎంత, ఈ మూడూ కావాలి.

ఈలోగా పాలు ఆపకండి. మూడు గంటలకు మించి గ్యాప్ రానివ్వకండి. పస్తుంటే ఒంట్లో ప్రొటీన్ కరుగుతుంది, అది ఇలాంటి పిల్లలకు మంచిది కాదు.

ఇంకో మాట. మీ ఆవిడకి ఇప్పుడే చెప్పండి. రాత్రి పాలిచ్చేది ఆవిడే. తేడా వస్తే మొదట తెలిసేదీ ఆవిడకే.

మంజీరతీరం – శనివారం, రాత్రి 10:15

చెప్పాను డాక్టర్ గారూ. ఏడ్చింది, కానీ ఇప్పుడు నాకంటే తనే ధైర్యంగా ఉంది. పొద్దున్నే బయల్దేరుతాం. ఒక్క అనుమానం. ఎండిపోయిన ఒక్క చుక్కలోంచి ఇన్ని రోగాలు ఎలా తెలుస్తాయి? ఇది నమ్మదగిన పరీక్షేనా?

ల్యాబ్‌కోటు – శనివారం, రాత్రి 11:20

మంజీరతీరం గారూ, నేను రోజూ ఆ యంత్రం ముందే కూర్చుంటాను, కాబట్టి నేను చెప్తాను. నిద్ర పట్టకపోతే చదవండి.

కార్డు మా దగ్గరికి వచ్చాక మొదట చుక్కని చూస్తాం. రక్తం వెనకవైపు దాకా ఇంకిందా, చుక్క మీద చుక్క వేశారా, తడిగా ఉండగానే కవర్‌లో పెట్టేశారా అని. బాగుంటే పంచింగ్ మెషీన్‌తో 3.2 మిల్లీమీటర్ల బిళ్ల కత్తిరిస్తాం. అందులో ఉండే రక్తం సుమారు 3 మైక్రోలీటర్లు. 96 గుంటలున్న ప్లేటులో ఒక్కో గుంటలో ఒక్కో బిడ్డ బిళ్ల పడుతుంది. దాని మీద మెథనాల్ పోస్తాం. ఆ మెథనాల్‌లో ముందే తెలిసిన మోతాదులో ‘ఇంటర్నల్ స్టాండర్డ్స్’ కలిపి ఉంటాయి. అంటే మనం వెతికే పదార్థాలే, కానీ మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టి కాస్త బరువు పెంచినవి.

ఇక యంత్రం. టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రెండు వడపోతలుంటాయి, మధ్యలో ఒక గది. మెట్రో స్టేషన్‌లో ఎక్కేచోట ఒకసారి, దిగేచోట ఒకసారి గేటు దగ్గర కార్డు చూపించినట్టే ఇక్కడ ప్రతి అణువూ రెండుచోట్ల తన బరువు చూపించాలి. మీ పాపకి ఎక్కువొచ్చిన సీ3 అంటే ప్రొపియోనిల్‌కార్నిటీన్. విద్యుదావేశం ఎక్కాక దాని బరువు 218. మొదటి గేటు 218 ఉన్నవాటిని వదులుతుంది. మధ్య గదిలో ఆర్గాన్ లాంటి వాయువుకి గుద్దుకుని అవి ముక్కలవుతాయి. ఎసైల్‌కార్నిటీన్ల కుటుంబం మొత్తం పగిలినప్పుడు 85 బరువున్న ఒకే రకం ముక్క వస్తుంది. రెండో గేటు ఆ 85ని మాత్రమే వదులుతుంది. 218గా లోపలికొచ్చి 85గా బయటికొచ్చిందంటే అది సీ3 అని లెక్క. డ్యుటీరియం పెట్టిన తోడు 221 దగ్గర కనిపిస్తుంది. స్క్రీన్ మీద రెండు గీతలు పక్కపక్కనే లేస్తాయి. 221 ఎంత పోశామో మాకు తెలుసు కాబట్టి, దాని ఎత్తుతో పోలిస్తే 218 ఎంతుందో తేలుతుంది.

అదే పరుగులో అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్ కరిగితే వచ్చే ముక్కలు కూడా చూస్తాం. ఫినైల్‌అలనీన్ 166గా వెళ్లి 120గా బయటికొస్తుంది. ల్యూసిన్, టైరోసిన్, మెథియోనిన్, సిట్రులిన్ ఇలా. ఒక్కో బిడ్డకి పట్టే సమయం సుమారు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ముప్పై, నలభై రకాల సమస్యలకి ఆనవాళ్లు దొరుకుతాయి.

నమ్మదగినదేనా అన్నారు. ఎంత ఉందో చెప్పడంలో నమ్మొచ్చు. ఎందుకు ఉందో మాత్రం అది చెప్పదు. సీ3 పెరగడానికి మీరు చదివిన ఆ రెండు జబ్బులే కారణం కానక్కర్లేదు. అందుకే మళ్లీ శాంపిల్, అందుకే యూరిన్.

లెక్కలమాస్టారు – ఆదివారం, ఉదయం 6:05

ల్యాబ్‌కోటు గారు చెప్పిన చివరి మాటకి ఒక లెక్క జోడిస్తాను. అంకెలు ఉదాహరణకే, ఏ ల్యాబ్‌వీ కావు.

ఒక జబ్బు పదివేల మందిలో ఒకరికి ఉందనుకుందాం. పరీక్ష ఆ ఒక్కరినీ వదలకుండా పట్టుకుంటుంది అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న వెయ్యి మందిలో ఒకరిని పొరపాటున అనుమానిస్తుంది అనుకుందాం. లక్ష మంది పిల్లలకి చేస్తే నిజంగా జబ్బున్నవాళ్లు 10 మంది. పొరపాటున ఫోన్ వెళ్లేది దాదాపు 100 మందికి. అంటే ఫోన్ వచ్చిన ప్రతి 11 మందిలో 10 మంది ఆరోగ్యవంతులే. పరీక్షలో తప్పేం లేదు, జబ్బు అరుదు కావడం వల్ల ఇలా వస్తుంది.

అలాగని ఆ పదకొండో బిడ్డ మీది కాదని ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. డాక్టర్ గారు చెప్పినట్టు పొద్దున్నే వెళ్లండి.

తులసికోట – ఆదివారం, ఉదయం 7:30

మంజీరతీరం గారూ, మీ పోస్టు చూసి రాయకుండా ఉండలేకపోయాను. మాది గుంటూరు జిల్లా. మాది మేనరికమే, మేనమామ కొడుకుని చేసుకున్నాను.

మా పెద్దబాబు పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. నాలుగో రోజు నుంచి పాలు తగ్గించాడు. తర్వాత మత్తు, మధ్యమధ్యలో ఒళ్లంతా బిగుసుకోవడం. ‘ఇన్‌ఫెక్షన్, సెప్సిస్’ అన్నారు. యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ ఎక్కించారు. వాడి తడి గుడ్డల్లోంచి ఒక తియ్యటి వాసన వచ్చేది. మా అమ్మ ‘నువ్వు మెంతులు తింటున్నావుగా, అదే’ అంది. బాలింతకి పెట్టే మెంతులే అనుకున్నాం అందరం. బాబు దక్కలేదు. చివర్లో ఎవరో డాక్టర్ పట్టుబట్టి తీయించిన శాంపిల్ రిపోర్టు వాడు పోయాక వచ్చింది. ల్యూసిన్ విపరీతంగా ఉంది. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్, ఎంఎస్‌యూడీ, అంటే ప్రొటీన్‌లోని ల్యూసిన్ ఒంట్లో కరగక పేరుకుపోయే జబ్బు.

రెండోసారి ఇద్దరం ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లాం. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంది కాబట్టి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందన్నారు. రెండోవాడు పుట్టగానే డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు. రెండో రోజే కార్డు తీసి పంపించారు, మనిషి చేత పంపించారు, కొరియర్‌కి ఇవ్వలేదు. వాడికీ ఉంది. కానీ మత్తులోకి జారకముందే తెలిసింది. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. అన్నం కూడా చిన్న కాటా మీద తూచి పెడతాను. పప్పు లేదు, పెరుగు లేదు, ల్యూసిన్ లేని పొడి కలిపిన డబ్బా పాలు రోజంతా విడతలుగా తాగాలి. జ్వరం వస్తే ఆ రోజుకి వేరే చార్టు. రక్తం చుక్కల కార్డు ఇంట్లోనే తీసి ల్యాబ్‌కి పంపిస్తుంటాం.

మీకు ఫోన్ వచ్చింది. అది రావడమే మంచిది. మాకు మొదటిసారి ఆ ఫోన్ రాలేదు.

పాలపిట్ట – ఆదివారం, ఉదయం 8:10

తులసికోట గారూ, మీరు రాసింది ప్రతి ఎన్‌ఐసీయూలో గోడకి అంటించాలి. పుట్టినప్పుడు బాగుండి, కొన్ని రోజులకి మత్తులోకి జారి, కల్చర్‌లో ఏ క్రిమీ పెరగని బిడ్డ కనిపిస్తే అమ్మోనియా, గ్యాస్, టీఎంఎస్ గుర్తుకు రావాలి. చాలాచోట్ల ఇప్పటికీ రాదు.

మెంతుల సంగతి చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా. మెంతులకి ఆ వాసన తెచ్చే పదార్థం సోటలోన్. ఎంఎస్‌యూడీ పిల్లల మూత్రంలో ఉండేదీ అదే. తల్లి మెంతులు తింటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకీ ఆ వాసన రావచ్చు. కాబట్టి వాసన ఉందని జబ్బు ఖాయం కాదు, తల్లి మెంతులు తింటోందని జబ్బు లేదనీ కాదు. బిడ్డ చురుగ్గా ఉంటే కంగారొద్దు. మత్తుగా ఉంటే మాత్రం మెంతుల మీదికి నెట్టేయకుండా ల్యూసిన్ చూడాలి.

ఎన్‌ఐసీయూ సిస్టర్ – ఆదివారం, ఉదయం 8:45

అమ్మోనియాకి రక్తం తీస్తారు కదా, మంజీరతీరం గారూ, అది ఐసు మీద పెట్టి వెంటనే ల్యాబ్‌కి పోవాలి. చెయ్యి గట్టిగా బిగించి కట్టినా, తీసిన శాంపిల్ బయట అలాగే ఉండిపోయినా అమ్మోనియా లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. మీరు అక్కడే ఉండి ‘ఐసులో పంపిస్తున్నారా సిస్టర్’ అని ఒక మాట అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పాతపేపర్లు – ఆదివారం, ఉదయం 11:00

మంజీరతీరం గారి కబురు కోసం ఎదురుచూస్తూ ఈ పరీక్ష వెనకున్న కథ కొంచెం చెప్తాను.

1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల్ని డాక్టర్ ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు, ఒంటి దగ్గర వింత వాసన. ఫోలింగ్ ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఆకుపచ్చ రంగొచ్చింది. అలా బయటపడిందే ఫినైల్‌కీటోన్యూరియా, పీకేయూ, అంటే ఫినైల్‌అలనీన్ ఒంట్లో కరగక పేరుకుపోయి మెదడుని దెబ్బతీసే జబ్బు. 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హోర్స్ట్ బికెల్ బృందం ఫినైల్‌అలనీన్ తగ్గించిన ఆహారంతో బిడ్డలో మార్పు వస్తుందని చూపించింది. కానీ మెదడు పాడయ్యాక ఆహారం మార్చి లాభం తక్కువ. పుట్టగానే తెలియాలి.

ఆ దారి చూపించింది అమెరికాలో రాబర్ట్ గథ్రీ. ఆయన కొడుక్కి బుద్ధిమాంద్యం, దగ్గరి బంధువుల పాపకి పీకేయూ. 1960ల మొదట్లో ఆయన వడపోత కాగితం మీద ఎండిన రక్తపు చుక్క చాలని చూపించాడు. ఆ బిళ్లని బ్యాక్టీరియా ఉన్న జెల్ మీద పెట్టేవాళ్లు. ఫినైల్‌అలనీన్ ఎక్కువుంటే చుట్టూ బ్యాక్టీరియా పెరిగి వలయం కనిపించేది. మంచి పరీక్షే, కానీ ఒక బిళ్లకి ఒకే జబ్బు. 1990 ప్రాంతంలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లింగ్టన్ బృందం అదే కాగితపు చుక్కకి టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ జోడించింది. 1997లో నార్త్ కరొలైనా, 1998లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ పుట్టిన పిల్లలందరికీ ఈ పద్ధతిలో చేయడం మొదలుపెట్టాయి.

గథ్రీ కార్డుని ఇంతవరకూ ఎవరూ మార్చలేదు. ఇప్పటికీ కాగితం, చుక్క, అంతే. నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఫ్రిస్కో అక్క – ఆదివారం, మధ్యాహ్నం 12:20

మేము టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ రెండుసార్లు తీస్తారు. 24 నుంచి 48 గంటల మధ్య ఒకసారి, ఒకటి రెండు వారాల వయసులో పిల్లల డాక్టర్ దగ్గర ఇంకోసారి. మా చిన్నదానికి మొదటిదాంట్లో ఏదో అనుమానం అని రెండోది త్వరగా తీయించారు, బాగానే ఉంది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో టెన్షన్ ఎలా ఉందో నాకు తెలుసు, మంజీరతీరం గారూ. పాపాయి కోసం దేవుణ్ణి తలుచుకుంటున్నాం.

ఏలూరు టు లీడ్స్ – ఆదివారం, మధ్యాహ్నం 12:50

ఇంగ్లండ్‌లో అయిదో రోజున మిడ్‌వైఫ్ ఇంటికొచ్చి తీస్తుంది. కానీ అమెరికా అంత పొడుగు జాబితా ఇక్కడ లేదు. మందూ మార్గమూ ఉన్న కొద్ది జబ్బులకే చేస్తారు. ఏది మంచిదో నాకింకా తేలలేదు.

మంజీరతీరం – ఆదివారం, సాయంత్రం 5:35

అందరికీ ధన్యవాదాలు. పొద్దున్నే వెళ్లాం. అమ్మోనియా, గ్యాస్, షుగర్ అన్నీ నార్మల్. సిస్టర్ గారూ, ఐసు సంగతి అడిగాను, పెట్టే పంపించారు. రెండో కార్డు తీశారు, యూరిన్ ఆర్గానిక్ యాసిడ్స్‌కి పంపించారు. డాక్టర్ గారు నన్ను వదిలేసి మా ఆవిడని చాలాసేపు ప్రశ్నలడిగారు. ఏం తింటారు, గుడ్డు తింటారా, పాలు తాగుతారా, వేవిళ్లు ఎన్నాళ్లున్నాయి అని. తను పుట్టినప్పటి నుంచీ శాకాహారి, కడుపుతో ఉన్నప్పుడు పాల వాసనే పడలేదు. చివరికి పాపతో పాటు తనకీ రక్తం తీశారు, బీ12, హోమోసిస్టీన్ అని రాశారు. తల్లికి ఎందుకో నాకు అర్థం కాలేదు.

ల్యాబ్‌కోటు – ఆదివారం, సాయంత్రం 6:30

మీ డాక్టర్ సరైన దారిలో ఉన్నారు.

కొన్ని అమైనో ఆమ్లాలు, కొన్ని కొవ్వులు కరిగినప్పుడు ఒంట్లో ప్రొపియోనిల్ అనే పదార్థం తయారవుతుంది. అది కొన్ని మెట్లలో ముందుకు సాగాలి. చివరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైముకి బీ12 కావాలి. ఎంజైమే లేకపోతే దారి మూసుకుపోతుంది, అది జబ్బు. ఎంజైము బాగానే ఉండి బీ12 చాలకపోయినా అదే దారిలో వెనక నిలిచిపోతుంది, సీ3 పెరుగుతుంది. బిడ్డకి బీ12 వచ్చేది తల్లి నుంచే. తల్లికే లేకపోతే బిడ్డకి నిల్వలుండవు. మన దగ్గర సీ3 పెరిగిన కార్డు వస్తే తల్లి బీ12 అడగడం మాకు అలవాటే. హోమోసిస్టీన్ కూడా బీ12 చాలకపోతే పెరిగే పదార్థమే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కొన్ని యాంటీబయాటిక్స్ పేర్ల చివర ‘పివాక్సిల్’ అని ఉంటుంది. తల్లి కాన్పు ముందు అవి వాడితే బిడ్డ కార్డులో సీ5 అనే ఇంకో పదార్థం పెరిగి ఐసోవలేరిక్ ఎసిడీమియా అనే జబ్బు లాగా కనిపిస్తుంది. మందులోంచి వచ్చేదాని బరువూ, జబ్బులో పెరిగేదాని బరువూ ఒకటే కాబట్టి యంత్రం తేడా చెప్పలేదు. సెలైన్‌లో అమైనో ఆమ్లాలు ఎక్కుతున్న నెల తక్కువ బిడ్డకి చేస్తే సగం అమైనో ఆమ్లాలు ఎక్కువ చూపిస్తాయి. కార్డు మీద మందులు, రక్తం ఎక్కించిన తేదీ, ఏ పాలు తాగుతోంది అనే గడులు ఉండేది అందుకే. ఆ గడులు ఖాళీగా వచ్చిన కార్డులు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

పెన్నేటిగాలి – ఆదివారం, రాత్రి 8:15

నేను ప్రజారోగ్యంలో పనిచేస్తాను. ఒక మాట సూటిగా అంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

ఈ యంత్రం గొప్పదే. కానీ ‘అందరికీ టీఎంఎస్ చేయాలి’ అనే ముందు ఒకటి ఆలోచించాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసిపిల్లలకి స్క్రీనింగ్ చేసి 2004లో ఫలితాలు అచ్చువేశారు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం సుమారు 1,700 మందిలో ఒకరికి ఉందని తేలింది. ఆ లోపాన్ని పట్టుకోవడానికి టీఎంఎస్ అక్కర్లేదు, అసలు టీఎంఎస్‌లో అది కనిపించదు కూడా. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చాలు. మందు థైరాక్సిన్ బిళ్ల, చవక. వేళకి ఇస్తే బిడ్డ తెలివి దక్కుతుంది. ఆ ఒక్క పరీక్షే ఇంకా ప్రతి పీహెచ్‌సీకీ చేరలేదు. ముందు అది చేరాలి.

రెండోది, ప్రైవేటులో ‘వందకు పైగా జబ్బులు’ అని ప్యాకేజీలు అమ్ముతున్నారు. జాబితా పొడుగ్గా ఉంటుంది. అందులో ఎన్నిటికి చికిత్స ఉంది, పాజిటివ్ వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఆ పొడి డబ్బా ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే జవాబుండదు. చికిత్స దారి చూపించకుండా జబ్బు పేరు చెప్పడం ఏ తల్లిదండ్రులకైనా శిక్షే.

తులసికోట – ఆదివారం, రాత్రి 8:50

పెన్నేటిగాలి గారూ, థైరాయిడ్ ముందు అన్నదానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ పేరు చెప్పడం శిక్ష అంటే ఒప్పుకోను. మా పెద్దవాడి జబ్బు పేరు వాడు పోయాకైనా తెలియబట్టే చిన్నవాడు బతికాడు. పేరు తెలియకపోతే ‘మేనరికం పాపం’ అని, ‘దిష్టి’ అని, నా జాతకం అని రకరకాలుగా అనేవాళ్లు. అన్నారు కూడా.

పెన్నేటిగాలి – ఆదివారం, రాత్రి 9:05

మీరన్నది నిజం తల్లీ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా బాధల్లా పరీక్ష ఒకచోట, చికిత్స ఇంకోచోట తెగిపోయి ఉండటం గురించే.

పాలపిట్ట – ఆదివారం, రాత్రి 9:40

ఇద్దరూ చెప్పేది ఒకటే. కావలసింది యంత్రం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉండే మనుషులు. 2008లో గోవా ప్రభుత్వం స్క్రీనింగ్ మొదలుపెట్టింది. మన దగ్గర ఆర్‌బీఎస్‌కే (కేంద్రం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) 2013 నుంచి ఉంది. పుట్టిన బిడ్డకి ఒళ్లు పరీక్షిస్తే తెలిసే లోపాలు చూస్తారు, చెవి, గుండె, గ్రహణం మొర్రి వగైరా. రక్తపు చుక్క దాకా అది అంతటా చేరలేదు.

చికిత్స ఖర్చు గురించి అడిగేవాళ్ల కోసం: 2021లో కేంద్రం అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. 2022లో సాయం పరిమితి ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా పెంచారు. ఎంఎస్‌యూడీ, పీకేయూ, ప్రొపియోనిక్, మిథైల్‌మలోనిక్ ఎసిడీమియా లాంటి ప్రత్యేక ఆహారం కావలసిన జబ్బులు ఆ జాబితాలో ఉన్నాయి. నమోదు చేయించుకోవలసింది సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో. మనకి దగ్గరలో ఉన్నది హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది. చాలామంది తల్లిదండ్రులకి ఈ సంగతే తెలియదు. తెలిసినవాళ్లు నలుగురికి చెప్పండి.

మంజీరతీరం – గురువారం, సాయంత్రం 4:10

రిపోర్టులొచ్చాయి. యూరిన్‌లో మిథైల్‌మలోనిక్ యాసిడ్ కొంచెం ఎక్కువ ఉంది కానీ జబ్బున్న పిల్లల్లో ఉండేంత కాదన్నారు. మా ఆవిడ బీ12 బాగా తక్కువ, పాపకీ తక్కువే. ఇద్దరికీ బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ సీ3, హోమోసిస్టీన్ చూసి అప్పుడు ఫైలు మూస్తామన్నారు.

మా ఆవిడకి ఏడాదిగా అరికాళ్లు తిమ్మిర్లు, నీరసం. ‘కడుపుతో ఉన్నప్పుడు మామూలే’ అని అందరం కొట్టిపారేశాం. ఐరన్ బిళ్లలు, కాల్షియం క్రమం తప్పకుండా ఇచ్చారు, బీ12 మాత్రం ఎవరూ చూడలేదు.

పాలపిట్ట – గురువారం, సాయంత్రం 4:45

చాలా సంతోషం. తర్వాతి పరీక్షలు మాత్రం మానొద్దు. బీ12ని ఒంట్లో వాడుకోవడంలోనే పుట్టుకతో లోపమున్న పిల్లలు కొందరుంటారు. వాళ్లకీ ఇంజెక్షన్ ఇస్తే మొదట్లో తేరుకున్నట్టే కనిపించవచ్చు. ఇంజెక్షన్లు ఆపాక కూడా అంకెలు నిలబడితేనే ఇది తల్లి వైపు నుంచి వచ్చిన లోటు అని ఖాయం చేస్తారు.

మీ ఆవిడ తిమ్మిర్లు తగ్గడానికి కొంచెం టైమ్ పడుతుంది. కంగారు పడొద్దనండి. పాలిచ్చినంత కాలం బీ12 తీసుకోవాలి.

ల్యాబ్‌కోటు – గురువారం, రాత్రి 10:05

ఈ కబురు మా ల్యాబ్‌లో వాళ్లకి కూడా చెప్పాను. మాకు కార్డు నంబర్లే తెలుస్తాయి, చివరికి ఏమైందో ఎప్పుడో గానీ తెలియదు.

ఒక సంగతి రాయాలనిపించింది. ‘ర్యాపిడ్ టెస్ట్’, ‘రెండు నిమిషాల్లో’ అని మా యంత్రం గురించి గొప్పగా చెప్తుంటారు. ఆ రెండు నిమిషాలు నిజమే. కానీ మా దగ్గరికి వచ్చే కార్డుల మీద రక్తం తీసిన తేదీ, మాకు అందిన తేదీ పక్కపక్కన రాసుకుంటాం. మధ్యలో వారం గడిచినవి వస్తాయి. ఆసుపత్రిలో పది కార్డులు పోగయ్యాక ఒకేసారి కొరియర్ చేస్తారు, ఖర్చు కలిసొస్తుందని. ఎంఎస్‌యూడీ బిడ్డకి వారం అంటే ఏమిటో తులసికోట గారు పైన రాశారు. యంత్రాన్ని రెండు నిమిషాల నుంచి ఒక్క నిమిషానికి తెచ్చినా ఆ బిడ్డకి ఒరిగేదేమీ లేదు. కార్డు ఆరిన రోజే బయల్దేరితే ఒరుగుతుంది.

కొబ్బరాకు – శుక్రవారం, ఉదయం 9:15

ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మా చెల్లికి వచ్చే నెల డేటు. అమలాపురం దగ్గర చిన్న నర్సింగ్ హోమ్‌లో కాన్పు. వాళ్లు ఈ పరీక్ష చేస్తారో లేదో తెలియదు. మేం ఏం అడగాలి? ఎప్పుడు తీయించాలి?

ఎన్‌ఐసీయూ సిస్టర్ – శుక్రవారం, మధ్యాహ్నం 2:30

కొబ్బరాకు గారూ, ఇప్పుడే వెళ్లి అడగండి, నొప్పులొచ్చాక కాదు. వాళ్ల దగ్గర కార్డులు లేకపోతే ల్యాబ్ వాళ్లు ముందే పంపిస్తారు.

బిడ్డ పుట్టి, పాలు తాగడం మొదలయ్యాక 48 నుంచి 72 గంటల మధ్య తీయిస్తే మంచిది. 24 గంటల లోపు తీస్తే ఫినైల్‌అలనీన్ లాంటివి ఇంకా పెరిగి ఉండవు, నార్మల్ అని వచ్చినా నమ్మలేం. త్వరగా డిశ్చార్జి చేస్తే తీసేసి, మళ్లీ ఇంకొకటి తీయించాలి. ఇంట్లో ముందు బిడ్డ ఇలా పోయిన చరిత్ర ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండా పుట్టగానే డాక్టర్‌కి చెప్పాలి.

తీసేటప్పుడు పాదం గోరువెచ్చని గుడ్డతో కాసేపు చుట్టి ఉంచితే రక్తం బాగా వస్తుంది. మడమ మధ్యలో గుచ్చరు, పక్కన గుచ్చుతారు. స్పిరిట్ పూర్తిగా ఆరాలి. మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి పెద్ద చుక్కని కాగితానికి తాకించాలి. వలయం ఒకేసారి, ఒకవైపు నుంచే నిండాలి. వెనక్కి తిప్పి మళ్లీ అద్దకూడదు. పాదం పిండకూడదు. తర్వాత కార్డుని నీడలో, ఏమీ తగలకుండా అడ్డంగా మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. మీ కోనసీమలో గాలిలో తేమ ఎక్కువ, ఇంకాసేపు ఉంచినా తప్పులేదు. ఎండలో పెట్టొద్దు, ఫ్యాన్ కింద గబగబా ఆరబెట్టొద్దు. ఆరాక అదే రోజు పంపించమని అడగండి. కొరియర్ రసీదు ఫొటో తీసుకోండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. కార్డు మీద ఫోన్ నంబర్ రాయించేటప్పుడు భర్తది ఒక్కటే రాసేస్తారు. ఆయన డ్యూటీలో ఉండి ఎత్తకపోతే అంతే. కాన్పయ్యాక తల్లీబిడ్డా పుట్టింట్లో ఉంటారు కదా. బిడ్డ నిజంగా ఏ ఇంట్లో ఉంటుందో ఆ ఊరు, అమ్మమ్మగారి నంబర్ కూడా రాయించండి. ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చి, బిడ్డ ఎక్కడుందో కనుక్కోవడానికే రెండు రోజులు పట్టిన సందర్భాలు నేను చూశాను.

కొబ్బరాకు – శుక్రవారం, మధ్యాహ్నం 2:50

చాలా థ్యాంక్స్ సిస్టర్. సాయంత్రం చెల్లి చెకప్ ఉంది, ఇదంతా ప్రింట్ తీసి పట్టుకెళ్తున్నాం. తనకి బీ12 కూడా చూడమని అడుగుతాం. అమ్మ నంబర్, పక్కింటి పిన్ని నంబర్ రెండూ రాయిస్తాను.